కొలత దిమ్మ

కరెంటు వైరు భూమిలోకి పోయిన రోజే ఇంటికి వస్తానని మా కోడలు నిరోష పుట్టింటి నుంచి ఫోన్లో తేల్చి చెప్పింది. అప్పటికి పసిదానికి నలభై రోజులు. ఐదో నెలలో మా ఇంటికి తీసుకొస్తామని మాట. ఐదో నెల అంటే మిరుగు కార్తె, తొలి వానలు పడే వేళ. వాన పడితే ఆ వైరు కింద అడుగు పెట్టేది లేదంది.

నేను కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ రాలేదు. పిల్ల అన్నదాంట్లో తప్పేముంది?

మా ఇల్లు ఊరికి ఎడంగా, బల్మూర్ పోయే తొవ్వ పక్కన ఉంటుంది. కరెంటు స్తంభం తొవ్వ మీద. అక్కడి నుంచి ఇంటికి తొంభై అడుగులు, ఇంటి నుంచి వెనకాల బోరుకు ఇంకో యాభై. ఈ నూట నలభై అడుగులూ వైరు కర్రల మీద వేలాడుతూ వచ్చేది. మూడు చోట్ల అతుకులు, అతుకులకు నల్ల టేపు, టేపు ఊడినచోట సంచి పీలిక. నీళ్ల పైపు నేల మీదే పడి ఉండేది. ఎండాకాలం పొద్దున తొమ్మిది దాటితే మా నల్లా నీళ్లలో చాయ్‌పత్తా వేస్తే చాలు. బర్రె తొక్కి ఆ పైపును రెండుసార్లు పగలగొట్టింది, ఆ నీళ్లు పోయి సరిగ్గా వైరు కిందే మడుగు కట్టాయి. ఇన్నేళ్లూ మేం అందులోనే నడిచాం. చూసి చూసి కళ్లకు అలవాటైపోయింది.

పోయిన శ్రావణంలో నిరోష ఇంటి వెనక దండెం మీద బట్టలు ఆరేస్తోంది. గాలికి వైరు వంగి దండెం తీగకు రాసుకుంటోందని ఎవరూ చూడలేదు. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. కేక వినపడలేదు, ఏదో తడి బట్టల మూట నేల మీద పడ్డ చప్పుడైంది. పోయి చూస్తే పిల్ల బురదలో పడి ఉంది. మూడో నెల కడుపు. యేసయ్య చల్లగా చూశాడు, తల్లీ బిడ్డా నిలిచారు. వాళ్లమ్మ జములమ్మ బీచుపల్లి నుంచి ఆటో కట్టించుకొని వచ్చి కూతుర్ని తీసుకుపోయింది. నాతో ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత మా కొడుకు దినేష్ కర్రలు ఎత్తు పెంచి, అతుకులకు కొత్త టేపు చుట్టాడు. అంతటితో అయిపోయిందనుకున్నాం. కాన్పు అక్కడే అయింది. ఆడపిల్ల. పేరు సౌందర్య అని పెట్టారట. అదీ నాకు ఫోన్లోనే తెలిసింది.

నిరోష మాట చెప్పగానే మా ఆయన యోసేపు మంచం మీద లేచి కూర్చున్నాడు.

"లైను భూమిల ఏద్దాం. వైరూ, పైపూ రెండూ."

"ఎవరేస్తరు?"

"నేనే. ఇంకెవరు?"

"నీ మొకం," అన్నాను. "నల్లా కాడికి పోయొచ్చేసరికి పిల్లిగూతలొస్తయి ఛాతీల. గడ్డపార పడ్తడంట!"

ముప్పై ఏళ్లు మట్టి తవ్విన మనిషి. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుందని, ఇక పార ముట్టొద్దని నాగర్‌కర్నూల్ దవాఖానలో డాక్టరు చెప్పి రెండేళ్లయింది. మందులు వాడటం ఒక్కటే ఆయన పని. అదీ నేను అరిస్తేనే.

దినేష్ నాగర్‌కర్నూల్‌లో సామాన్ల ఆటో నడుపుతాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక కేబుల్ చుట్ట, పైపు చుట్ట ఆటోలో వేసుకొచ్చి వాకిట్లో దించాడు.

"జేసీబీ ఆయనతోని మాట్లాడిన నాయినా. రెండు గంటల పని. పొద్దుగాలొచ్చి తవ్వి పోతడు."

"వద్దు."

"ఎందుకొద్దు?"

"పూణెల తవ్విన, సోలాపూర్ల తవ్విన, బెంగుళూర్ల తవ్విన. పట్నాలన్నిటికి కరెంటు నేనేసిన. నా ఇంటికి మిషిన్ తెస్తవా?"

"గట్ల తవ్వవట్టె గదా ఛాతి గిట్లయింది!"

"అయింది గదా. ఇంగ కొత్తగ అయ్యేదేమున్నది?"

వాడు నా వైపు చూశాడు, నువ్వన్నా చెప్పమన్నట్టు. నేను చెప్పాను. ఆ పూటంతా చెప్పాను. గోడకు చెప్పినా ఈపాటికి పెచ్చు రాలేది. తెల్లారేసరికి ఆయన గడ్డపార మొన సానబెట్టుకొని, డబ్బాలో సున్నం కలుపుకొని కూర్చున్నాడు.

ఆ పట్నాల్లో పాలమూరు లేబర్ అంటే తెలియని మేస్త్రీ లేడు. మమ్మల్ని జోడీ లెక్కన తీసుకుపోయేవాళ్లు. మొగుడు తవ్వాలి, పెళ్లాం తట్ట మోయాలి. గడ్డపార ఆడదాని చేతికి రాదు. సాయంత్రం మేస్త్రీ పుస్తకం పట్టుకొని నిలబడి, అందరూ వినేటట్టు పిలిచేవాడు: "యోసేపు జోడి, పన్నెండు ఫీట్లు." ఆ జోడీలో రెండో మనిషిని నేను. ఇరవై నాలుగేళ్లు మోశాను, బాలమ్మ అన్న నా పేరు ఏ పుస్తకంలోనూ లేదు. అందరిదీ అంతే కాబట్టి అప్పట్లో నాకు పట్టింపు కూడా లేదు.

ఇంటి ముందు సున్నం గీత గీస్తూ ఆయన ఒకసారి చెరిపి మళ్లీ గీశాడు. ఎందుకో నాకు తెలుసు.

పదకొండేళ్ల కిందట పూణెలో ఒక రోడ్డు పక్కన ఇలాగే గీత గీసి, "ఈడ తవ్వురా" అని నా తమ్ముడు రవికి చెప్పింది ఈయనే. మేస్త్రీ చూపించిన చోటే గీశాడు. ఆ కింద అడుగున్నర లోతులో పాత కరెంటు కేబుల్ ఉంది. ఎవరు వేశారో తెలియదు. దాని మీద ఇసుక లేదు, ఇటుక లేదు, కింద కరెంటుందని చెప్పే ఎర్ర రిబ్బను లేదు. రవి మూడోసారి గడ్డపార ఎత్తి దించాడు. ఇంతకంటే నేను చెప్పలేను. రిబ్బను చుట్టలు మర్నాడు తెప్పించారు. మనిషి పోయాక. అందులో ఒక చుట్టను మా ఆయన సంచిలో వేసుకొని ఇంటికి తెచ్చాడు. అది మా ట్రంకు పెట్టె అడుగునే ఉండిపోయింది. నేను ఆయన్ని రోజుకు నూరు తిట్లు తిడతాను. ఆ గీత నువ్వే గీశావన్న ఒక్క మాట మాత్రం ఎన్నడూ అనలేదు.

అందుకే గీత పూర్తయ్యాక ఇంకేం మాట్లాడకుండా తట్ట తెచ్చుకున్నాను.

తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టి ఎండ ముదిరే తొమ్మిదికి ఆపేవాళ్లం. పైన అడుగు మేర మెత్తటి మన్ను, దాని కింద గులకరాళ్లు కలిసి గట్టిపడ్డ మొరం. గడ్డపార దిగితే బండ మీద కొట్టినట్టు ఠంగుమనేది. మొదటి రోజు ఏడడుగులు, రెండో రోజు ఐదు, మూడో రోజు నాలుగు, ఆ తర్వాత రోజుకు రెండు. ఆయన పది పోట్లు పొడిచి గుంత అంచుకు ఆనుకొని నిలబడేవాడు. నేను తట్ట ఎత్తుకోకుండా ఊరికే నిలబడేదాన్ని. ఆయన ఊపిరి మళ్లీ సర్దుకుంటేనే వంగేదాన్ని. ఆ లెక్కన ఏప్రిల్ గడిచింది.

లోతు మూడడుగులు ఉండాలని ఆయన పట్టు. అడుగున కేబుల్, దాని కిందా మీదా ఇసుక, ఇసుక మీద ఇటుకల వరస, ఆ పైన రిబ్బను. నీళ్ల పైపుకు గుంత పక్కనే కొంచెం ఎత్తులో మెట్టు తవ్వాడు. నీళ్లూ కరెంటూ ఒకదాన్నొకటి తాకకూడదట.

తొవ్వ మీద పోతూ పక్క చేను నాగప్ప ఒకరోజు బండి ఆపాడు.

"ఏం యోసేపు, డ్యాం గిన కడ్తున్నవా?"

"లైను ఏస్తున్న పటేలా."

"అడుగు లోతు చాలు కదయ్యా! మా బోరు కాడ అడుగే తీసిన. పైపు, వైరు ఒక్కదాంట్లనె పడేసిన. ఏం కాలే."

"కాకుంటె మంచిదే పటేలా," అని ఈయన మళ్లీ వంగాడు. నాగప్ప నవ్వుకుంటూ పోయాడు. నాకు ఒళ్లు మండింది. నాగప్ప మీద కాదు, ఈయన మీద. నాగప్పకేం, అడుగు తవ్వుకొని హాయిగా ఉన్నాడు.

ఇక దిమ్మల సంగతి. గుంత తవ్వేటప్పుడు పది పన్నెండు అడుగులకు ఒకచోట, గుంత గోడనానుకొని జానెడు వెడల్పున మట్టిని తవ్వకుండా వదిలేస్తారు. దాని తల మీద ఎండుగడ్డి అట్లాగే ఉండాలి. అసలు నేల ఎక్కడుందో అది చెబుతుంది. లేకపోతే తవ్విన మట్టి అంచున పోసుకొని, దాన్నీ కలిపి లోతు ఎక్కువ చూపించొచ్చు కదా! ఇంజనీరు వచ్చి ఆ గడ్డి తల నుంచి గుంత అడుగుదాకా టేపు పట్టి కొలుస్తాడు. కొలిచాకే దిమ్మను కొట్టేయాలి. అంతవరకు దాన్ని ఎవరూ ముట్టరు.

మా వాకిట్లోనూ ఈయన దిమ్మలు వదలడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, ఈడికి ఏ ఇంజినీరొస్తడు కొల్వనీకె?" అని అడిగాను.

ఆయన దిమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. నవ్వబోతే దగ్గొచ్చింది.

"చెయ్యి ఊకోదే. అలవాటయింది."

మే రెండో వారానికి ఎనభై అడుగులు అయింది. ఆ రోజు పొద్దున ఆయన గడ్డపారను గోడకు ఆనించి గుంతలోనే కూర్చున్నాడు. అప్పుడప్పుడు కూర్చుంటాడు కదా అని నేను తట్ట గుమ్మరించి వచ్చాను. ఇంకా కూర్చునే ఉన్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"లే," అన్నాను.

"జరాగు."

"లేస్తవా లేదా?"

"కాళ్లు వస్తలేవే."

దినేష్ ఆటోలోనే నాగర్‌కర్నూల్ తీసుకుపోయాం. దవాఖానలో ముక్కుకు గొట్టం పెట్టారు. ఎన్ని రోజులు ఉండాలో తెలియదన్నారు. ఆ గొట్టంతోనే ఆయన నన్ను అడిగిన మొదటి మాట, "దిమ్మలు ఎవరన్న తొక్కుతరేమో, బర్రెను కట్టేసినవా?"

నేను లేచి బయటికి వచ్చి వరండాలో కూర్చున్నాను. అలిసిపోయాను. ఒళ్లు కాదు, ఇంకేదో అలిసిపోయింది. ఈ ఇల్లు వద్దు, ఈ వైరు వద్దు, ఎవరూ రాకపోతే రాకపోయారు అనిపించింది. అప్పుడే జములమ్మ ఫోన్ చేసింది.

"అన్న ఎట్లున్నడు వదినా?"

"ఉన్నడు."

"పని ఎంతల ఉన్నది?"

"సగం మీద అయింది."

"నేను తొందర పెడ్తలేను వదినా. నా బిడ్డ బురదల పడ్డది నేను చూడలే, నువ్వు చూసినవు. నువ్వే చెప్పు, ఎట్ల పంపాలె?"

వెనకాల పసిది ఊఁ ఊఁ అంటోంది. నేను ఇంకా దాని మొహం చూడలేదు. ఫోన్ పెట్టేశాక కూడా ఆ ఊఁ ఊఁ నా చెవిలోనే ఉంది.

దినేష్ మళ్లీ జేసీబీ అన్నాడు. "ఇంగ నాయిన మాట వినేదున్నదా అమ్మా? రేపే పిలుస్త."

"పిలువకు."

"నువ్వు గూడ గట్లనే అంటవేంది?"

"మీ నాయిన గీసిన గీత మీద మిషిన్ తిరిగిందని తెలిస్తె ఆ మనిషి దవాఖానలకెల్లి ఇంటికి రాడు. నాకు తెల్సు. నేను తవ్వుత."

"నువ్వా?"

"నేనే. ఇరవై నాలుగేండ్లు పక్కన నిలవడి చూసిన, రాదా నాకు?"

రాలేదు. మొదటి రోజు గడ్డపార ఎత్తితే నడుము పట్టేసింది, దించితే చేతులు జివ్వుమన్నాయి. మొరం గీసుకుపోయిందే గానీ లేవలేదు. దినేష్ లాక్కొని తాను పొడిచాడు. పది నిమిషాలకు అరచేతులు బొబ్బలెక్కాయి. స్టీరింగ్ పట్టిన చేతులు. తట్ట మోయమన్నాను. మొగోణ్ని, తట్ట మొయ్యాలా అన్నట్టు ఒకసారి తొవ్వ వైపు చూసి, మోశాడు.

మూడో రోజుకు గడ్డపార నా మాట విన్నది. బలం కాదు దానికి కావలసింది. దాని బరువును దాన్నే మోసుకోనివ్వాలి. ఆయన ఏళ్ల తరబడి అదే చేసేవాడు, నేనే గమనించలేదు. పన్నెండో అడుగు దగ్గర ఆగాను. గోడనానుకొని జానెడు మట్టి వదిలేశాను, గడ్డితో సహా. దినేష్ నవ్వాడు. నేను నవ్వలేదు.

మే చివర్లో ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. ఇంకా మిరుగు రాకముందే. గుంత నిండా నీళ్లు నిలిచాయి, రెండు చోట్ల అంచులు కూలాయి. వాన తగ్గాక దినేష్ పార తీసుకొని గుంతలోకి దిగబోయాడు. అప్పుడు చూశాను. వెనక కర్ర ఒరిగిపోయి, వైరు ఆ నీళ్లలో పడి ఉంది.

వాణ్ని జుట్టు పట్టి వెనక్కి లాగాను. ఎంత గట్టిగా లాగానంటే వాడు వెల్లకిలా పడ్డాడు.

"ఏందమ్మా!" అని కోపంగా లేచి, నా చూపు పోయిన వైపు చూశాడు. పార వాడి చేతిలోంచి జారిపోయింది.

స్తంభం దగ్గరికి పోయి ఫ్యూజు పీకేయించాను. ఆ రోజు నుంచి పని ముగిసేదాకా మా ఇంట్లో కరెంటు లేదు. బోరూ నడవదు. ఊళ్లోని నల్లా నుంచి రోజుకు ఎనిమిది బిందెలు మోసుకొచ్చాను. గుంతలో నీళ్లు తోడాం, కూలిన మట్టి మళ్లీ ఎత్తాం. ఒకసారి చేసిన పని మళ్లీ చేయడమంత పాపిష్టి పని ఇంకోటి లేదు. ఏడుస్తూ తవ్వాను. దినేష్ చూడనట్టు తట్ట ఎత్తుకుపోయాడు. నూట నలభై అడుగులు అయ్యాయి అనేసరికి జూన్ మొదటి వారం వచ్చింది.

ఆ శనివారమే మా ఆయన్ని ఇంటికి పంపారు. సగం మనిషి అయ్యాడు. దినేష్ ఎత్తుకొచ్చి ఇంటి వెనక నీడలో మంచం మీద కూర్చోబెట్టాడు. ఆయన చాలాసేపు గుంత వైపు చూశాడు. బాగుంది అంటాడేమో అని నేను కొంగుతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాను. చెప్పొద్దూ, ఎదురుచూశాను.

"టేపు తే," అన్నాడు దినేష్‌తో.

ఒక్కొక్క దిమ్మ దగ్గర కొలిపించాడు. ఒకటి సరిగ్గా ఉంది. రెండోది సరిగ్గా ఉంది. దండెం దగ్గరి దిమ్మ, సరిగ్గా నిరోష పడ్డచోట, దినేష్ టేపు చూసి తల గోక్కొని, వేలు పట్టిన చోటే దాన్ని వాళ్ల నాయినకు అందించాడు.

"నాలుగు వేళ్లు తక్కువున్నది," అన్నాడు మా ఆయన.

నాకు ఎక్కడిదో వచ్చింది కోపం.

"నాలుగు వేళ్లా! నడుము ఇరిగింది, చేతులు సూడు, తోలు మిగిలిందా? నువ్వు ఆడ గొట్టం పెట్టుకొని పండుకుంటివి, నేను ఈడ సస్తుంటి! ఎనిమిది బిందెలు రోజుకు! నాలుగు వేళ్లకు ఎవడు సస్తడయ్యా?"

అన్నాక గానీ నా మాట నాకు వినపడలేదు.

ఆయన టేపును మెల్లగా డబ్బాలోకి పోనిస్తూ ఉన్నాడు. దినేష్ తలవంచుకున్నాడు.

నేను గుంతలోకి దిగాను. ఆ చోట నాలుగు వేళ్లంత మట్టి తీశాను. దినేష్ తట్ట అందుకున్నాడు.

సోమవారం ఇసుక పోశాం. కేబుల్ పరిచాం, మెట్టు మీద పైపు పరిచాం. ఇల్లు కట్టగా మిగిలి, గోడ వారన పాచిపట్టి ఉన్న ఇటుకలన్నీ కడిగి, ఒకదాని పక్కన ఒకటి పేర్చాం. ట్రంకు పెట్టె అడుగు నుంచి మా ఆయన ఆ ఎర్ర రిబ్బను చుట్ట తీయించాడు. పదకొండేళ్లలో రంగు కాస్త వెలిసింది, అంతే. ఒక కొస ఆయన పట్టుకున్నాడు, చుట్ట నేను పట్టుకొని విప్పుకుంటూ పోయాను. ఇద్దరం తమ్ముడి పేరు ఎత్తలేదు. రిబ్బను కొసను వదలడానికి ఆయనకు కొంచెంసేపు పట్టింది.

దిమ్మలన్నీ కొట్టేసి పూడ్చాం, ఒక్కటి తప్ప. దండెం దగ్గర ఆరడుగుల మేర పూడ్చొద్దన్నాడు. అక్కడ కొన్ని ఇటుకలు, వాటి కింది ఇసుక పక్కకు తీయించి, రిబ్బను పైకెత్తి ఉంచమన్నాడు. దిమ్మనూ ఉండనీయమన్నాడు.

"పసిది వచ్చే ఇంట్ల గుంత ఎందుకయ్యా?" అని పోట్లాడాను. మూడు రోజులు పోట్లాడాను.

"ఉండనియ్యి," అన్నాడు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

లైన్‌మన్ వచ్చి ఫ్యూజు పెట్టాడు. బోరు స్విచ్ వేస్తే నల్లాలోంచి గాలి చీది, తర్వాత ఎర్ర నీళ్లు, తర్వాత తేటనీళ్లు వచ్చాయి. మిట్టమధ్యాహ్నం. చల్లగా ఉన్నాయి. మా ఆయన మంచం అక్కడికి జరిపించుకొని నల్లా కింద చెయ్యి పెట్టాడు. చెయ్యి తీయడు.

"ఒడిసిపోతయి నీళ్లు," అని నేనే కట్టేశాను.

మిరుగు పెట్టిన వారానికి, మబ్బు పట్టిన ఒక సాయంత్రం, దినేష్ ఆటో తొవ్వ మీద ఆగింది. జములమ్మ దిగింది, తర్వాత నిరోష, చంకలో పసిది. నేను ఎదురుపోయాను గానీ నిరోష నన్ను చూడలేదు. ముందు తలెత్తి పైకి చూసింది. స్తంభం నుంచి ఇంటిదాకా చూసింది. కర్రలు లేవు, వైరు లేదు. ఒట్టి మబ్బు.

లోపలికి రాకుండా అట్లాగే ఇంటి పక్కనుంచి వెనక్కి నడిచింది. మేమంతా నిరోష వెంట పోయాం. దండెం ఉన్నచోట ఇప్పుడు నైలాన్ తాడు కట్టాం. పిల్ల దాని దగ్గరికి పోలేదు. తెరిచి ఉన్న ఆరడుగుల గుంత ముందు ఆగింది.

"ఇదేంది మామా, పూడ్వలేదు?"

మా ఆయన మంచం మీద నుంచి టేపు డబ్బా చాపాడు.

"కొల్చుకో బిడ్డా. నువ్వు కొలిస్తెనె పూడుస్తం."

నాకు అప్పుడు అర్థమైంది. మా గుంతకు ఇంజనీరు వచ్చింది.

నిరోష ఆ టేపు వైపు చూసింది, దిమ్మ తల మీది ఎండుగడ్డి వైపు చూసింది. పసిదాన్ని నా చేతుల్లో పెట్టింది. ఎంత తేలిగ్గా ఉందో! నా పగిలిన చేతులు దాని ఒంటికి గీరుకుంటాయేమో అని కొంగు చుట్టి పట్టుకున్నాను. నిరోష చీర కుచ్చిళ్లు ఎగదోపి గుంతలోకి దిగింది. నడుము దాకా మునిగింది. గడ్డి తల మీద టేపు కొస నొక్కిపట్టి, ఇటుకలు తీసినచోట అడుగుదాకా లాగింది. వంగి చూసింది. మళ్లీ చూసింది.

"మూడు ఫీట్లు," అంది మెల్లగా.

"జర గట్టిగ చెప్పు."

"మూడు ఫీట్లున్నది మామా!"

మా ఆయన మంచం పట్టె పట్టుకొని నడుము నిటారుగా చేశాడు. ఛాతీలో ఉన్న గాలంతా కూడదీసుకున్నాడు. మేస్త్రీ పుస్తకం పట్టుకొని పిలిచినట్టే, అందరూ వినేటట్టు పిలిచాడు.

"బాలమ్మ జోడి, మూడు ఫీట్లు!"

జములమ్మకు ఏమీ అర్థం కాక నా వైపు చూసింది. దినేష్ తట్ట ఎత్తుకుంటూ ఆగిపోయాడు. గుంతలోంచి నిరోష, "ఇంగ దిమ్మ కొట్టెయ్యాల్నా మామా?" అని అడుగుతోంది. ఆయనకు నేను వినలేదేమోనని అనుమానం. దగ్గు అదిమిపట్టి, తొవ్వ మీద పోయేవాళ్లకు కూడా వినపడేటట్టు మళ్లీ పిలిచాడు.

"వినబడ్డది తియ్యి," అన్నాను. పసిదాన్ని ఇంకొంచెం దగ్గరికి పట్టుకున్నాను.